బదులు సిస్టర్ రాని మధ్యాహ్నం

2018 జూలై మొదటి వారంలో నేను చోడవరంలో ఒక ధర్మసంస్థ నడిపే ప్రసూతి ఆసుపత్రిలో నర్సింగ్ సూపరింటెండెంటుగా చేరాను. అంతకు ముందు ఏడాదే ప్రభుత్వ ఉద్యోగం నుంచి రిటైరయ్యాను. స్టాఫ్ నర్సుగా మొదలుపెట్టి, హెడ్ నర్సు పదవి దాటి, సూపరింటెండెంటుగా దిగినదాన్ని. ఈ ఆసుపత్రి ఇప్పుడు లేదు కనుక పేరు అవసరం లేదు. నలభై పడకలుండేవి. రావికమతం, దేవరాపల్లి, వడ్డాది వైపు నుంచి ఆటోల్లో వచ్చే కాన్పులు ఎక్కువ. మాడుగుల అవతల కొండల మీంచి జీపుల్లో దిగేవి తక్కువే గాని, వస్తే కష్టమైనవే వచ్చేవి.

సూపరింటెండెంటు మందు రాయదు, కాన్పు చేయదు. ఏ పూట ఏ వార్డులో ఎవరుండాలో నిర్ణయిస్తుంది. ఆ మనిషి అక్కడ లేకపోతే ఎందుకు లేదో జవాబు చెబుతుంది. నా ఉద్యోగమంతా ఈ రెండు వాక్యాలే.

నేను చేరేటప్పటికి అక్కడ కిల్లో సునీత అనే స్టాఫ్ నర్సు ప్రొబేషన్‌లో ఉంది. కోందు తెగ అమ్మాయి. గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏ ఇచ్చిన స్కాలర్‌షిప్ మీద విశాఖపట్నంలో మూడేళ్ల నర్సింగ్ చదివి వచ్చింది. ఏడాది ప్రొబేషన్ ఆగస్టు నెలాఖరుకు పూర్తవుతుంది. అప్పుడు నేను రాసే సిఫారసును బట్టి సంస్థ ఆమెను పర్మనెంటు చేస్తుంది, లేదా పంపేస్తుంది. అప్పటిదాకా ఆ ఆసుపత్రిలో కొండ మీంచి వచ్చిన నర్సు ఎవరూ పర్మనెంటు కాలేదు.

సునీత మాతృభాష కువి. కొండ మీంచి వచ్చే గర్భిణుల్లో చాలామందికి తెలుగు సంతలో బేరానికి సరిపడా వచ్చు, ఒంట్లో బాధ చెప్పుకునేంత రాదు. అందుకని కొండ కేసు వచ్చిందంటే సునీత ఏ వార్డులో ఉన్నా కబురు వెళ్లేది. ఆమె పరుగెత్తుకెళ్లి, మాట్లాడి, మళ్లీ పరుగెత్తుకొచ్చేది. ఈ పని డ్యూటీ చార్టులో ఎక్కడా లేదు.

ఇంకొక సంగతి చెప్పాలి. మైదానం ఆడవాళ్లు నొప్పులు పడేటప్పుడు అమ్మను తలుచుకుని కేకలు వేస్తారు. ఆ కేకను బట్టి వరండాలో ఉన్న నర్సు కాన్పు ఎంత దగ్గరపడిందో అంచనా వేస్తుంది. నేనూ అలాగే నేర్చుకున్నాను. కొండ ఆడవాళ్లు అరవరు. పళ్లు బిగించి గోడ వైపు తిరిగి పడుకుంటారు. అరవని మనిషికి ఇంకా టైముందని అనుకోవడం మా వృత్తిలో ఎవరూ నేర్పకుండా వచ్చే పొరపాటు. సునీత మాత్రం ఆ మౌనాన్ని బట్టే లెక్క కట్టేది.

చేరిన పది రోజులకే నేను సంస్థ కార్యదర్శి దగ్గరకు వెళ్లి, కువి వచ్చిన ఇంకో నర్సును వేసుకోమని అడిగాను. ఐదు నిమిషాల మాటకి ఇంకో ఉద్యోగమా మేడం అని ఆయన నవ్వారు.

ఆగస్టు రెండో వారంలో ఒక మధ్యాహ్నం సునీతకు బాలింతల వార్డులో డ్యూటీ. ఆ పూట అక్కడ ఆమె ఒక్కతే. భోజనాల వేళకు కాన్పయిన పావని అనే అమ్మాయిని లేబర్ రూము నుంచి అప్పుడే తెచ్చి మంచం మీద వేశారు. వడ్డాది దగ్గర చెరకు రైతుల కోడలు. కాన్పయిన తరువాత మొదటి రెండు గంటలు పావుగంటకోసారి నాడి చూడాలి, రక్తం ఎంత పోతోందో గుడ్డ చూడాలి, బొడ్డు దగ్గర చెయ్యి పెట్టి గర్భసంచి గట్టిగా ఉందో లేదో చూడాలి. గట్టిగా ఉంటే రక్తనాళాలు మూసుకుంటాయి. మెత్తబడిందంటే రక్తం ఆగదు.

అదే సమయానికి గంగి అనే కొండ అమ్మాయిని జీపులో తెచ్చారు. తొలిచూలు, నెలలు నిండలేదు, కాళ్లు వాచి ఉన్నాయి, బీపీ బాగా ఎక్కువగా ఉంది. ఆ పూట డ్యూటీలో ఉన్న డాక్టరమ్మ ఏమడిగినా పిల్ల పలకలేదు. సునీతకు కబురు వెళ్లింది. సునీత వచ్చి పక్కన కూర్చుని అడిగితే గంగి చెప్పింది: రెండు రోజులుగా కళ్ల ముందు పొగలాగా ఉందని, రొమ్ము కింద నొప్పిగా ఉందని. ఈ రెండు మాటలు వింటే ఏ డాక్టరైనా లేచి నిలబడాల్సిందే. ఫిట్స్ వచ్చే ముందు కనిపించే లక్షణాలవి.

వెంటనే ఫిట్స్ రాకుండా ఆపే మెగ్నీషియం మొదలుపెట్టారు. ఆ మందు నరంలోకి వెళ్తుంటే ఒళ్లంతా నిప్పు అంటుకున్నట్టు వేడెక్కుతుంది. ముందుగా చెప్పకపోతే రోగి భయపడి సూది పీకేసుకుంటుంది. అక్కడ అంతకు ముందు ఒకామె అలా పీకేసుకుని వరండా దాకా పరుగెత్తిందట. అందుకని మందు పూర్తయ్యేదాకా సునీత గంగి చెయ్యి పట్టుకుని కువిలో మాట్లాడుతూ ఉండిపోయింది.

నేను నా గదిలో ఉన్నాను. ఆయా నూకాలమ్మ తలుపు దగ్గర నిలబడి, "మేడంగారూ, వడ్డాది గుంటకి రగతం ఆగట్లేదు" అంది. గుంట అంటే అక్కడి మాటలో అమ్మాయి.

నేను వెళ్లేసరికి పక్క దుప్పటి నడుము కింద అంతా తడిసి ఉంది. పావని పెదవులు తెల్లబడ్డాయి. అత్తగారు అప్పాయమ్మ కోడలి పొట్ట మీద రెండు చేతులూ పెట్టి ఊరికే నొక్కుతోంది. ఆమెను పక్కకు జరిపి నేను చెయ్యి పెట్టాను. గర్భసంచి తడిసిన గుడ్డమూటలా ఉంది. అరచేత్తో రుద్దడం మొదలుపెట్టి, గర్భసంచి బిగుసుకోవడానికిచ్చే ఆక్సిటోసిన్ పెట్టమని కేక వేశాను. డాక్టరమ్మ పరుగున వచ్చింది. ఒక చేతికి సెలైన్, రెండో చేతికి మందు. నా చెయ్యి కింద ఒకసారి బిగుసుకున్నట్టయి మళ్లీ జారిపోయింది. మళ్లీ రుద్దాను. నాడి వేలికి సరిగా అందడం లేదు. అనకాపల్లి నుంచి రక్తం వచ్చేదాకా నేను ఆ చెయ్యి తియ్యలేదు. చీకటి పడే ముందు గర్భసంచి గట్టిపడి అలాగే నిలిచింది. పావని కళ్లు తెరిచి నీళ్లడిగింది.

మర్నాడు పొద్దున్నే పావని భర్త గోవిందు పది మందిని వెంటబెట్టుకుని గేటు దగ్గరకు వచ్చాడు. కార్యదర్శి గది దాకా వినపడింది. "నా పెళ్లాం సచ్చిపోయుంటే ఎవుడు తెచ్చిస్తాడు? డ్యూటీ వదిలీసి ఆల్ల వోల్లతో కబుర్లాడ్డానికెల్లింది ఆ కొండ గుంట. దాన్ని తీసెయ్యకపోతే మేం కదలం."

కార్యదర్శి అప్పటికప్పుడు సునీతను తొలగిస్తూ ఉత్తర్వు రాయమన్నారు. ప్రొబేషన్‌లో ఉన్న మనిషే కదా అన్నారు. ప్రొబేషన్‌లో ఉన్నా ఆరోపణ చెప్పాలి, జవాబు తీసుకోవాలి, ఆ సమయంలో అక్కడున్నవాళ్లను విచారించాలి, ఆ తరువాతే సిఫారసు రాస్తానని చెప్పాను. ఆయనకు ఇష్టం లేకపోయినా ఒక్క రోజు గడువిచ్చారు.

అసలేం జరిగిందో నూకాలమ్మను అడిగాను. కబురు తెచ్చింది ఆమే. డాక్టరమ్మ ఆమెతో చెప్పి పంపిన మాట ఇది: సునీతను రమ్మను, లేబర్ రూములో ఉన్న సిస్టర్‌ని బదులుగా వార్డుకి పంపిస్తాను. ఆ బదులు సిస్టర్ రాలేదు. ఎవరూ పంపలేదు. ఇదంతా చెప్పి నూకాలమ్మ రెండు చేతులూ జోడించింది. "నన్నిందులోకి లాగొద్దండి మేడంగారూ. డాక్టరమ్మ మీద నేను సెప్పేనంటే రేపు నాకు పనుండదు."

సాయంత్రం సునీతను పిలిచాను. నూకాలమ్మ చెప్పింది నిజమేనంది. అయితే రేపు ఆ మాట చెప్పమన్నాను. చెప్పనంది. తనంతట తానే వెళ్లానంటుందట. ఎందుకని అడిగాను.

"చెప్తే డాక్టరమ్మకి మాట వస్తాది మేడం. ఇంక నన్ను పిలవరు. గంగిలాటిది వస్తే గోడ వైపు తిరిగి పడుకుంటాది, అంతే."

"నిన్ను తీసేస్తే పిలవడానికి మాత్రం ఎవరుంటారు?"

తీసేస్తారని సునీత అనుకోలేదు. తప్పు ఒప్పేసుకుంటే మెమోతో వదిలేస్తారనుకుంది. మెమో అంటే తప్పు నమోదు చేసి ఇచ్చే హెచ్చరిక. కార్యదర్శి అడుగుతున్నది మెమో కాదని, తొలగింపు అని చెప్పాను. అయినా మాట మార్చలేదు.

నా చేతిలో ఉన్నవి రెండే రెండు సాక్ష్యాలు. ఒకరు భయపడి చెప్పనన్నారు, ఇంకొకరు మొండికేసి చెప్పనన్నారు. వాళ్లు నాకు విడిగా చెప్పినదాన్ని నేను విచారణలో వల్లిస్తే అది సాక్ష్యం కాదు, కబురు.

మర్నాడు కార్యదర్శి గదిలో విచారణ జరిగింది. ఆయన, డాక్టరమ్మ, నేను, ఒక బల్ల. సునీత నిలబడింది. వార్డు ఎవరికి అప్పగించి వెళ్లావని అడిగాను. ఎవరికీ అప్పగించలేదంది. ఎవరైనా రమ్మన్నారా అని అడిగాను. గంగి వచ్చిందని తెలిసి తానే వెళ్లానంది. డాక్టరమ్మ చూపు బల్ల మీదే ఉంది. కార్యదర్శి పెన్ను తీశారు.

ఇంకా ఒకరిని విచారించాలన్నాను. ఫిర్యాదు గోవిందుది, ఆ మధ్యాహ్నం వార్డులో ఉన్నది అతని తల్లి. అప్పాయమ్మ ఏం చెబుతుందో నాకు తెలియదు. కొడుకు మాటే ఆమె కూడా చెబితే నేనిక చేయగలిగింది ఏమీ ఉండదు. అయినా ఆమెను వినకుండా సంతకం పెట్టనన్నాను. కార్యదర్శి విసుక్కుని పిలిపించారు.

అప్పాయమ్మ కొడుకును గుమ్మం దగ్గరే ఆపేసింది. "నువ్వాగరా. కాన్పు నాడు ఊళ్లో తిరిగినోడివి, నీకేటి తెల్సు?" అని లోపలికి వచ్చి, కుర్చీ చూపించినా కూర్చోకుండా, ఎవరిని చూసి మాట్లాడాలో తేల్చుకోలేక నన్ను చూసి చెప్పింది.

"ఆయా వచ్చి డాక్టరమ్మ రమ్మంతంది అన్నాది. ఈ గుంట ఎల్లనన్నాది. ఇక్కడెవులున్నారు అన్నాది. ఇంకో సిస్టర్ని పంపుతారంట, నువ్వెల్లు అని ఆయా లాక్కుపోయింది. పోతా పోతా ఈ గుంట నా సెయ్యట్టుకుని కోడలి పొట్ట మీదెట్టింది. ఇలా గట్టిగుండాల, మెత్తబడితే కేకెయ్యి అమ్మా అన్నాది. మెత్తబడింది, నేను కేకేసేను. సెప్పకపోతే నాకేటి తెలుస్తాది? తడిసిన గుడ్డ సూసి మైలే కదా అనుకుందును."

తరువాత డాక్టరమ్మ వైపు తిరిగింది. "నువ్వే కదమ్మా రమ్మన్నావు. ఈ పిల్ల నిలబడుంటే నువ్వు కూకున్నావేటి?"

డాక్టరమ్మ వయసు ముప్పై దాటలేదు. అప్పటికి వరసగా రెండు డ్యూటీలు చేసి ఉంది. ఆమె తలెత్తి, అవును, లేబర్ రూము సిస్టర్‌ని పంపుదామనే అనుకున్నాను, ఆ పిల్ల బీపీ చూశాక ఇంకేమీ గుర్తులేదు అంది. సునీత తన కోసం అబద్ధం చెబుతుంటే ఆపాల్సింది అని కూడా అంది. అది ఆమెను ఎవరూ అడగలేదు.

తొలగింపు అక్కడితో ఆగింది. కాని అప్పగింత లేకుండా వార్డు వదలడం నియమం తప్పడమే. రమ్మన్నది డాక్టరైనా, బదులు మనిషి గుమ్మంలో కనిపించేదాకా కదలకూడదు. సునీతకు మెమో ఇస్తానని చెప్పాను. డాక్టరమ్మకు కూడా సంజాయిషీ నోటీసు ఇవ్వమని కార్యదర్శికి చెప్పాను. ఇచ్చారు.

మెమో రాసి చదివి వినిపించాను: "అప్పగింత లేకుండా డ్యూటీ స్థలం విడిచి వెళ్లినందుకు." సునీత కొంచెం ఆలోచించి, ఎక్కడికి వెళ్లానో కూడా రాయండి మేడం అంది. ఎందుకని అడిగాను.

"కబుర్లకెల్లేనని గేటు కాడ అన్నారు. మెమోలో అది లేకపోతే రేపు ఎవులైనా అదే అనుకుంటారు."

ఆమె అడిగింది సబబే. "డాక్టరు కోరికపై, రోగికి కువి భాషలో వివరించడానికి" అని చేర్చాను. కార్యదర్శి ఆ మాట కొట్టేయమన్నారు. అది ఉంటే, అలాంటి పని ఒకటి ఇక్కడ ఉందని మనమే ఒప్పుకున్నట్టవుతుందన్నారు. ఉంది కదా అన్నాను. అది లేకుండా నేను సంతకం పెట్టలేదు. నా సంతకం లేని మెమో చెల్లదు. ఆయన ఒప్పుకున్నారు.

ఆ వాక్యాన్ని ఆధారం చేసుకునే నేను ఆ నెలలో కొత్త డ్యూటీ చార్టు వేశాను. ప్రతి పూటా భాష కోసం పిలిచే మనిషి పేరు, ఆమె లేచి వెళ్తే ఆ వార్డుకు వచ్చే మనిషి పేరు, పక్కపక్కనే. సునీత ప్రొబేషన్ పూర్తయింది, పర్మనెంటు అయింది. సునీత భయపడినట్టే డాక్టరమ్మ కొన్ని రోజులు ఆమెను పిలవలేదు. చార్టు గోడ మీదకు ఎక్కాక మళ్లీ పిలిచింది. మరుసటి ఏడాది కువి వచ్చిన ఏఎన్ఎం ఒకామెను కూడా వేసుకున్నారు. పావని వారం తరువాత ఇంటికి వెళ్లింది. గంగికి తక్కువ బరువుతో ఆడపిల్ల పుట్టింది. ఇద్దరూ బతికారు.

కొండ మీంచి వచ్చిన నర్సులను ప్రోత్సహించాలని సభల్లో చాలా చెబుతారు. నాకు ఈ సంఘటన వల్ల తెలిసింది అంతకంటే చిన్నది. ఒక నర్సుకు తన రోగుల భాష రావడం ఆమె మంచితనం కాదు, పని. పనిగా రాసినప్పుడే దానికి వేళ ఉంటుంది, ఆమె లేచి వెళ్లిన చోటుకు ఇంకొకరు వస్తారు. రాయకుండా వాడుకుంటే, ఆమె ఎక్కడ ఉన్నా ఇంకో చోట డ్యూటీ వదిలేసినట్టే లెక్క.