మాణెమ్మ తల చిక్కు విప్పిన సోమవారం

మాణెమ్మ పోయిన రోజు ఉదయం ఆసుపత్రిలో నర్సు వచ్చి, "జుట్టు పీచులాగా ఎండిపోయింది తాతా, చిక్కు విడడం లేదు, కత్తిరించేద్దాం" అంది. వద్దన్నాను. కిందికి దిగి దుకాణంలో షాంపూ అడిగాను. "పొడి జుట్టుకా, జిడ్డు జుట్టుకా సార్?" అన్నాడు. పొడి జుట్టుకు అన్నాను. వరసగా సీసాలు పెట్టాడు... కొబ్బరి, బాదం, కలబంద. ఒక్కొక్కటి తిప్పి చదువుతూ చాలాసేపు నిలబడ్డాను. ఒకటి తెచ్చాను. ఆమె నిద్రలో ఉంది. లేపలేదు. మధ్యాహ్నం ఊపిరి ఆగింది. తల కడగడం కాలేదు.

నా భార్య జుట్టుకు కత్తెర ఎందుకు వద్దన్నానో మా పిల్లలకు కూడా తెలియదు. అందుకే రాస్తున్నాను.

మా చిన్నప్పుడు... జహీరాబాద్‌లో, నిజాం కాలంలో... మాణెమ్మ మా మేనత్త కూతురు. మామ బొంబాయి మిల్లుకు పోయి తిరిగి రాలేదు. తల్లీకూతుళ్ళు మా ఇంట్లోనే ఉండేవాళ్ళు.

ఆ యేడు మాణెమ్మ జ్వరంతో మంచం పట్టింది. యుద్ధం రోజులు... తలకు నూనె ఎక్కడిది? జ్వరం తగ్గగానే అత్త, పిల్ల శుభ్రంగా ఉండాలని, బట్టల సబ్బు పెట్టి ఉప్పు బావి నీళ్ళతో తల రుద్దింది. జుట్టు ఎండిన చొప్పలా అయింది. కొన్నాళ్ళకు మెడ వెనక తాడులా అట్ట కట్టింది.

మా దిక్కు దాన్ని చిక్కు అనేవారు కాదు. ఎల్లమ్మ దిగింది అనేవారు.

మా అవ్వ, అంటే అత్తను కన్నతల్లి, ఆ జడ చూసి చెంపలు వేసుకుంది.

"కత్తెర పెట్టొద్దు, దువ్వెన పెట్టొద్దు. అమ్మోరు వచ్చి కూసున్నది. మంగళారం బైండ్లాయనను పిలుస్త, ముత్యాలు కట్టిస్త."

బైండ్లాయన ఎల్లమ్మ కొలుపులు చేసే పెద్దమనిషి. ఆయన పిల్ల మెడలో ముత్యాలు కడితే ఆ పిల్ల దేవతది. ఇక పెళ్ళి లేదు. పెద్దయ్యాక ఊళ్ళో ఏ మగవాడు పిలిచినా కాదనే హక్కు లేదు. అవ్వకు ఆ సంగతి తెలియక కాదు. ఎవరో అమ్మోరి జడ కోస్తే ఆ ఇంట్లో పిల్ల చచ్చిపోయిందని విని ఉంది. ఆ భయం ఆమెను తినేసింది.

అత్త ఏడవలేదు. ఆ రోజు నుంచి ఆమెకు ఒకటే పని...

కుంకుడుకాయలు కొట్టి రుద్దింది. జుట్టు ఇంకా గరుకెక్కింది. రేగడి మన్ను నానబెట్టి పట్టించింది. అది ఆరి పెంకు కట్టింది. పుల్ల మజ్జిగ పోసింది. వాసన మిగిలింది. ఇల్లిల్లూ అడిగి చారెడు కుసుమ నూనె తెచ్చింది. నూనె పైపైనే జారింది, ముడిలోకి దిగలేదు.

"పేడ గూడ పెట్టు. అమ్మోరు కదుల్తదా?" అంది అవ్వ.

అత్త తిండి మానేసిందని మా అమ్మ చెప్పేది.

సోమవారం పొద్దున... నా మోకాలి మీద గడ్డ లేచింది. కట్టు కట్టడానికి అత్త అవిసె గింజలు ఉడకబెట్టింది. గరిటె తీయబోతే చేతిలోంచి జారింది. మళ్ళీ పట్టుకుంది, మళ్ళీ జారింది. వేళ్ళు దగ్గరికి తెచ్చి చూసుకుంది... బంక తీగలుగా సాగుతోంది. తర్వాత నా కాలికి కట్టాల్సింది కట్టకుండా, ఆ కుండ ఎత్తుకుని పెరట్లోకి నడిచింది.

మాణెమ్మ జడకు ఆ బంక పట్టించి పొద్దుగూకే దాకా విప్పింది. దువ్వెన లేదు. ఉత్త వేళ్ళు. ఒక్కొక్క వెంట్రుక. బంక ఆరితే మళ్ళీ బంక, మళ్ళీ నీళ్ళు. నేను కుంటుతూ చెంబుతో పోశాను.

"అమ్మా, జర ఆగే... పాణం పోతున్నది."

"పోదు. మెడ వంచు."

ఏడ్చి ఏడ్చి మాణెమ్మ నా వైపు తిరిగింది. "బావా, నీ కాలి మందు నా తలకు పెట్టింది. ఇగ నీ మోకాలికి జడ మొలుస్తది సూడు."

"మొలిస్తే మీ అమ్మే దువ్వుతది" అన్నాను.

అత్త నవ్వలేదు. ఆమె వేళ్ళ చివర్లు నాని తెల్లబడ్డాయి. గోళ్ళ దగ్గర నెత్తురు.

మంగళవారం బైండ్లాయన వచ్చాడు. ముత్యాల దండ పళ్ళెంలో పెట్టాడు. పిల్లను పీట మీద కూర్చోబెట్టి, జడ చూద్దామని వేళ్ళు జుట్టులోకి పోనిచ్చాడు. ఎక్కడా ఆగలేదు. చివరి దాకా జారి బయటికొచ్చాయి.

అవ్వ లేచి నిలబడింది. "ఏం చేసినవే?"

"నీళ్ళు పోసిన. కత్తెర పెట్టలే, దువ్వెన పెట్టలే. అమ్మోరుంటే నీళ్ళకు పోతదా అమ్మా?"

బైండ్లాయన పిల్ల తలను, అత్త వేళ్ళను మార్చి మార్చి చూశాడు. దండ తిరిగి సంచిలో వేసుకున్నాడు.

"అమ్మోరు లేదు. కల్లన్న పొయ్యుండ్రి, ఎండల నడిచొచ్చిన."

అవ్వ కల్లు తేవడానికి లోపలికి పోయి, గోడకు ఆనుకుని కూలబడి ఏడ్చింది. భయంతోనో, భయం తీరిందనో... నాకు ఇప్పటికీ తెలియదు.

నేను హైదరాబాద్‌లో కాలేజీ చదువు ముగించాక మా పెళ్ళయింది. ఎన్ని సబ్బులు వచ్చినా, షాంపూలు వచ్చినా మాణెమ్మ తల అంటుకున్నది అవిసె బంకతోనే. ఆమె చేతులు వంగని ఏళ్ళలో నేనే ఉడికించి పెట్టాను. ఆసుపత్రిలో ఉడికించే వీలు లేకనే ఆ రోజు షాంపూ కొన్నాను.

ఇప్పుడు పొడి జుట్టు అంటే ఎంత చిన్న మాట... ఆ రోజుల్లో మా ఇంట్లో అది ఒక పిల్ల బతుకు. మీ ఇళ్ళల్లో అమ్మలు, అత్తలు తలకు ఏం పెట్టేవారు? దేనికి భయపడేవారు? రాయండి. ఈ మధ్య నాకు చదవడం తప్ప పని లేదు.

రేపు పొద్దున మొదటి ఆటోకు ఝరాసంగం దిక్కు పోతాను. మా అత్తను మట్టి చేసిన చేను అటే. మాణెమ్మ పోయిందని ఆమెకు ఇంకా ఎవరూ చెప్పలేదు.