ముసలి గుర్రం నాలుగో అడుగు

మా అన్నయ్య కూతురు కౌబాయ్ సినిమా తీస్తానని చెప్పినప్పుడు నేను అడిగిన మొదటి ప్రశ్న, గుర్రాలు ఎన్ని అని.

"ఒకటేనత్తా."

"అది బందిపోటుకి. మరి వాణ్ణి తరిమే షెరీఫ్‌కి?"

"షెరీఫ్ నడిచొస్తాడు. అదే ఆర్ట్."

తను ఇక్కడ కెనడాలో, వాటర్లూలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తుంది. శని, ఆదివారాలు కెమెరా పట్టుకుని తిరుగుతుంది. సినిమా నలభై నిమిషాలది. ఒక బందిపోటు ఇరవై ఏళ్ళ తరవాత తల్లి సమాధి చూడ్డానికి తిరిగొస్తాడు. షెరీఫ్ అక్కడే కాచుకుని ఉంటాడు. చివరికి గుర్రం ఒక్కటే ఇంటికి వెళ్తుంది. బందిపోటూ తెలుగే మాట్లాడతాడు, షెరీఫూ తెలుగే మాట్లాడతాడు, చుట్టూ మాత్రం ఒంటారియో గడ్డి.

నేను కేంబ్రిడ్జ్‌లో ఒక వేర్‌హౌస్‌లో సరుకు లెక్కపెడతాను. నలభై రెండు డబ్బాలున్నాయని కంప్యూటర్ చెబుతుంది, వెళ్ళి చూస్తే నలభై ఒకటే ఉంటాయి. ఆ ఒక్కటి ఎక్కడికి పోయిందో కనుక్కోవడం నా పని. పదో తరగతి దాటాక నాకు లెక్కలు చెప్పినవాళ్ళు లేరు. కావలసినవి నేనే నేర్చుకున్నాను. కొన్ని తప్పుగా నేర్చుకుని, మళ్ళీ దిద్దుకున్నాను. అది తెలుసు కాబట్టే మా మేనకోడలు షూటింగ్‌లో నా చేతికి నోట్‌బుక్ ఇచ్చింది. బందిపోటు చొక్కాకి ఎన్ని గుండీలు పెట్టి ఉన్నాయి, తుపాకీ ఎన్నిసార్లు పేలింది, టోపీ ఏ చెవి మీదికి వంగింది, ఒక షాట్‌కీ ఇంకో షాట్‌కీ మధ్య ఇవన్నీ కలిసేలా చూడ్డం నా వంతు.

గుర్రం మా ఇంటికి పావుగంట దూరంలో ఉన్న ఒక పొలంలో దొరికింది. ఆ రైతుకి ఎనభై దగ్గర పడుతున్నాయి. భార్య పోయింది, పశువుల్ని అమ్మేశాడు. ఇరవై ఆరేళ్ళ ఆడగుర్రం ఒక్కటే మిగిలింది. ఆయనకి చూపు మధ్యలో పోయింది, అంచుల్లో ఉంది. ఎదురుగా నిలబడితే నా ముఖం కనబడదు గానీ నా వెనకున్న కంచె కనబడుతుంది. అందుకని నాతో మాట్లాడేటప్పుడు తల పక్కకి తిప్పుకుని మాట్లాడేవాడు. ఆయన ఇంగ్లీషులో అన్నవి నేను నా తెలుగులో రాస్తున్నాను.

"అద్దె వద్దు," అన్నాడు. "దాన్ని పరిగెత్తించొద్దు. ఇంకొకటి. మీ సినిమా నాకు ఎలాగూ కనబడదు. అందులో దాని నడక వినబడాలి. అంతే."

మా కోడలు మాటిచ్చింది. సాక్షిని నేనే.

మొదటి రోజు మా ఆచారం ప్రకారం ఒక రాయి మీద కొబ్బరికాయ కొట్టాం. చప్పుడుకి ఆయన ఉలిక్కిపడ్డాడు. విషయం చెప్పాక, "ఆ కాయ చేసిన నేరమేంటి?" అన్నాడు. బందిపోటు వేషం వేసింది బ్రాంప్టన్‌లో ట్రక్కు నడిపే కుర్రాడు. యాభై మూడు అడుగుల ట్రెయిలర్‌ని వెనక్కి తీసి సందులో పెట్టగలడు గానీ గుర్రం దగ్గరికి వెళ్ళడానికి వణికిపోయాడు. "ఆంటీ, దీనికి రివర్స్ ఉంటుందా?" అని నన్నడిగాడు. ఎక్కాక బాగానే కూర్చున్నాడు. గుర్రం తీరిగ్గా నడిచింది, అతను తీరిగ్గా కోపంగా చూశాడు. మాకు కావలసింది అదే.

"ఎడమ వెనక కాలు చూడు," అన్నాడు రైతు నాతో ఒకసారి. "తొమ్మిదో ఏట మంచు మీద జారి దెబ్బ తగిలింది. అప్పట్నుంచి ఆ కాలు వేసేముందు కొంచెం ఆలోచిస్తుంది."

చూశాను. నాకు తేడా తెలియలేదు. గుండీల లెక్కలో ఉన్నాను.

కానీ ఒకటి మాత్రం బాగా చూశాను. సాయంత్రం షూటింగ్ అవగానే ఆయన గేటు తెరిచి, తను ముందు నడిచి వెళ్ళి కొట్టం తలుపు దగ్గర గుంజకి వీపు ఆనించి నిలబడేవాడు. గుర్రం ఒక్కతే వెనక వచ్చేది. అది వస్తున్నంతసేపూ ఆయన పెదాలు కదిలేవి. ఏదో ప్రార్థన అనుకున్నాను. ఒక క్షణంలో తల తిప్పకుండానే చెయ్యి చాపేవాడు, గుర్రం మూతి సరిగ్గా ఆ అరచేతిలోకి వచ్చేది. నాలుగు సాయంత్రాలు చూశాను, నాలుగుసార్లూ అంతే. మా కోడలు కూడా చూసింది. సినిమా చివరి షాట్ అదే పెట్టుకుంది. గుర్రం గేటు దాటి ఒంటరిగా కొట్టం వైపు నడవడం.

జనవరిలో ఎడిటింగ్‌కి కూర్చున్నాక తెలిసింది, గుర్రం ఉన్న షాట్లన్నిట్లో సౌండ్ పాడైపోయిందని. ఒకటే గాలి హోరు. గాలి లేనిచోట హైవే మీద ట్రక్కులు.

"పర్లేదత్తా, మంచు కరిగాక వెళ్ళి మళ్ళీ రికార్డ్ చేద్దాం," అంది.

ఫిబ్రవరిలో రైతు నాకు ఫోన్ చేశాడు. ముసల్ది పోయిందని చెప్పాడు. పొద్దున కొట్టంలో పడుకుని ఉందట, బాధ పడినట్టు లేదట. ఆ తరవాత, "మీ దగ్గర దాని నడక ఉంది కదా?" అన్నాడు.

"ఉంది," అన్నాను.

నా ఉద్యోగంలో ఖాళీ అరలో సరుకుందని రాసేవాళ్ళని చూశాను. భయంతో రాస్తారు, తరవాత ఎలాగో తెచ్చి పెడదామనుకుంటారు. వాళ్ళ మీద నాకు జాలి ఉండేది కాదు.

మా కోడలికి చెప్పాను. తల పట్టుకుంది. "ఇంటర్నెట్‌లో గుర్రం సౌండ్స్ బోలెడుంటాయత్తా. ఒకటి పెట్టేద్దాం. ఎవరికి తెలుస్తుంది?"

"ఆయనకి."

"మరేం చేద్దామంటావ్?"

నాకూ తెలియదు. వీడియో ఇంటికి పంపమన్నాను. సినిమాలో సెకనుకి ఇరవై నాలుగు బొమ్మలుంటాయి. ఒక్కొక్క బొమ్మనీ ఆపి చూడొచ్చని, దాని కింద నంబరు పడుతుందని తను చూపించింది. ఇక నాకు ఎవరూ ఏమీ చెప్పక్కర్లేదు. చివరి షాట్ తీసుకుని, ఏ కాలు ఏ నంబరు దగ్గర నేలని తాకుతోందో రాయడం మొదలుపెట్టాను.

ఎడమ ముందు కాలు, కుడి వెనక కాలు, కుడి ముందు కాలు, ఎడమ వెనక కాలు. నాలుగు అడుగులు, ఒక చుట్టు. మా అమ్మాయి చిన్నప్పుడు బ్రాంప్టన్‌లో డాన్స్ క్లాసుకి వెళ్తుంటే మూడేళ్ళ శనివారాలు నేను వసారాలో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. నాకు ఒక్క అడుగూ రాదు గానీ లెక్కలన్నీ వచ్చేశాయి. కాగితం మీద అంకెలు చూస్తుంటే నోటికి తకధిమి వచ్చింది. కానీ సమంగా రాలేదు. మొదటి అడుగు నించి రెండోదానికి ఏడు బొమ్మలు. రెండు నించి మూడుకి ఏడు. మూడు నించి నాలుగుకి తొమ్మిది. నాలుగు నించి మళ్ళీ మొదటిదానికి ఆరు. మొత్తం ఇరవై తొమ్మిది.

తప్పు లెక్కపెట్టాననుకున్నాను. తరవాతి చుట్టు చూశాను. ఏడు, ఏడు, తొమ్మిది, ఆరు. ఆ తరవాతిది కూడా అంతే. అప్పుడు గుర్తొచ్చింది. ఆ కాలు వేసేముందు కొంచెం ఆలోచిస్తుంది. ఆ ఆలోచన పొడుగు రెండు బొమ్మలు, అంటే సెకనులో పన్నెండో వంతు. వేశాక ఎక్కువసేపు దాని మీద నిలబడలేదు, అందుకే ఆరు.

కాగితం పక్కన పెట్టాను. ముసల్ది అంకెల్లో ఉంది. పూర్తిగా పోలేదు.

కొబ్బరి చిప్పలతో మొదలుపెట్టి చూశాం. పిల్లల బొమ్మగుర్రంలా వినిపించింది. అదీగాక ఈ గుర్రానికి లాడాలు లేవు, డెక్క మెత్తగా పడుతుంది. వంటింట్లో ఉన్నవన్నీ నేల మీద కొట్టి చూసి, చివరికి పప్పుగుత్తి దగ్గర ఆగాను. నాది ఇండియాలో మా ఇంటి దగ్గర్నుంచి తెచ్చుకున్న బరువైనది. ఇంకొకటి పక్కింటావిడ దగ్గర అడిగి తెచ్చాను. రెండిటికీ పాత ఉన్ని సాక్సులు తొడిగి, బేకింగ్ ట్రేలో మన్నూ కంకరా కలిపి పోసి, బేస్‌మెంట్‌లో మైకు పెట్టాం. ఇల్లు వేడిచేసే ఫర్నేస్ మోగుతుంటే రికార్డింగ్‌లో పడుతుంది, అందుకని దాన్ని ఆపేసి జాకెట్లు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఆదివారం మధ్యాహ్నాలు అలా ఆరు గడిచాయి.

మా ఆయన మెట్ల మీంచి కేకేసేవాడు. "పప్పుగుత్తితో గుర్రాన్ని చేస్తున్నావు సరే, పప్పు ఎప్పుడు చేస్తావు?"

మా కోడలికి మొదట్లో ఓపిక ఉండేది కాదు. "సమంగా కొట్టత్తా, లేకపోతే మిస్టేక్ అనుకుంటారు." నేను నాలుగోది ఆలస్యంగానే కొట్టాను. నాలుగో ఆదివారం తను కళ్ళు మూసుకుని విని, "అమ్మో," అని మాత్రం అంది. ఆ తరవాత సమంగా కొట్టమని అనలేదు. చివరి షాట్‌లో పదహారు చుట్లున్నాయి, అరవై నాలుగు అడుగులు. అన్నీ ఒకే ఊపులో, ఆగకుండా కొట్టగలిగిన రోజు నా మణికట్టు వాచింది.

ఏప్రిల్‌లో లైబ్రరీ హాల్లో సినిమా వేశాం. మధ్యాహ్నం మూడింటికి ఆట. రైతుని తీసుకురావడానికి నేను వెళ్ళాను. బయల్దేరేముందు మా కోడలు నా చెయ్యి పట్టుకుంది. "చెప్పకత్తా, ప్లీజ్. విని సంతోషపడతాడు. ఎందుకు పాడుచేయడం?"

తను అన్నది నిజమేననిపించింది. కానీ ఆయన ఇస్త్రీ చొక్కా వేసుకుని గేటు దగ్గరే నిలబడి ఉన్నాడు. కారెక్కి సీటు బెల్టు కోసం చేత్తో తడుముకుంటుంటే నేనే పెట్టాను. రెండో సిగ్నల్ దగ్గర చెప్పేశాను.

"మీరు వినబోయేది దాని నడక కాదు. గాలికి రికార్డింగ్ మొత్తం పోయింది. నేను చేత్తో కొట్టాను. ఫోన్లో ఉందన్నాను కదా, అది అబద్ధం."

ఆయన కిటికీ వైపు తల తిప్పాడు. అలా తిప్పితేనే ఆయనకి నేను కనబడతానని నాకు తెలుసు.

"ఫిబ్రవరిలోనే చెప్పాల్సింది," అన్నాడు.

"అవును."

పచ్చలైటు పడింది. కొంత దూరం పోయాక, "దేంతో కొట్టావు?" అన్నాడు.

"పప్పు మెదిపే కర్రతో. సాక్సు తొడిగి."

"సాక్సు మంచిదే. దానికి లాడాలు లేవు," అన్నాడు.

హాల్లో తొంభై కుర్చీలు, డెబ్బై ఒకటి నిండాయి. ఆయన పక్కన కూర్చున్నాను. తెలుగు మాటలు వస్తున్నంతసేపూ ఆయన మర్యాదగా కూర్చున్నాడు. గుర్రం వచ్చినప్పుడల్లా గడ్డం కొంచెం పైకెత్తేవాడు. వాగు దాటే సీన్‌లో తల అడ్డంగా ఊపాడు.

చివరి షాట్ వచ్చింది. బందిపోటు పడిపోయాడు, షెరీఫ్ టోపీ తీశాడు, గుర్రం గేటు దాటింది. మాటల్లేవు, సంగీతం లేదు. నడక ఒక్కటే. నేను తెర చూడలేదు. ఆయన్ని చూస్తున్నాను. కుడి చెయ్యి మోకాలి మీద ఉంది. పెదాలు కదులుతున్నాయి. ఇంత దగ్గరగా కూర్చుంటే గానీ నాకు అర్థం కాలేదు. జీవితమంతా ఇదే పని చేసినదాన్ని, ప్రార్థన అనుకున్నాను. ఆయన లెక్కపెడుతున్నాడు.

చెయ్యి మోకాలి మీంచి లేచింది. సగం చాపాడు. అంతలో తెర నల్లబడి పేర్లు మొదలయ్యాయి. ఆ చెయ్యి కాసేపు అలాగే గాల్లో ఉంది.

చప్పట్లు బాగానే కొట్టారు. బయట టీ దగ్గర మాత్రం మా కోడల్ని చుట్టుముట్టారు.

"హీరోని చంపేశావేంటమ్మా? మిసిసాగా నించి వచ్చాం!"

"షెరీఫ్ నడిచి రావడమేంటి తల్లీ, బస్సు మిస్సయినవాడిలా?"

రిటైరైన డాక్టరుగారొకాయన బిస్కెట్ టీలో ముంచుతూ, "అంతా బావుంది గానీ, గుర్రం సౌండ్‌లో తాళం తప్పిందమ్మా. మా వాడు ఆడియోలోనే ఉన్నాడు, చెబితే సరిచేసి పెడతాడు," అన్నారు.

మా కోడలు నా వైపు చూసింది. "థాంక్స్ అంకుల్. అది అలాగే ఉంచుతాం," అంది.

రైతుని ఇంటి దగ్గర దింపాను. చెయ్యి పట్టుకుని గేటు దాకా నడిపించబోతే వద్దన్నాడు. గేటు మీద చెయ్యి వేసి ఆగాడు.

"వాగు దగ్గర బరువెక్కువ పడింది. అది నీళ్ళలోకి అలా దిగదు, చలికి భయపడుతుంది."

"సరే."

"చివరిది..." అని ఆగిపోయాడు. "చివర్లో ఎన్ని కొట్టావు?"

"అరవై నాలుగు."

"ఈ గేటు నించి ఆ తలుపు దాకా డెబ్బై రెండు. పదేళ్ళ నించి డెబ్బై రెండే. నువ్వు దాన్ని ఎనిమిది అడుగుల దూరంలో ఆపేశావు."

వేర్‌హౌస్‌లో నా లెక్క తప్పని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను, మళ్ళీ లెక్కపెట్టి చూపిస్తాను. ఆయనతో, "తెచ్చి ఇస్తాను," అన్నాను.

మర్నాడు ఆదివారం. మా కోడలు రాకముందే బేస్‌మెంట్‌లోకి దిగి ఫర్నేస్ ఆపాను. ట్రేలో మన్ను తడిపాను. సాక్సులు తొడిగాను. మొదట్నుంచే కొట్టుకుంటూ వచ్చాను, మధ్యలో అతికిస్తే ఆయనకి తెలిసిపోతుంది. అరవై నాలుగు దగ్గర, ఎప్పుడూ ఆగేచోట, ఈసారి చెయ్యి ఆపలేదు.

అరవై అయిదు, అరవై ఆరు, అరవై ఏడు. కొంచెం ఆలోచించి, అరవై ఎనిమిది.

అరవై తొమ్మిది, డెబ్బై, డెబ్బై ఒకటి.

కొంచెం ఆలోచించి, డెబ్బై రెండు.