ఒక్క మూటలో ఐదు నెలలు

మా ఆఫీసులో నా పనేమిటని ఎవరైనా అడిగితే ఇప్పటికీ తడబడతాను. కోడు రాసేవాళ్ళు వేరే ఉన్నారు, అమ్మేవాళ్ళు వేరే ఉన్నారు. నేను కలుపుతాను. చిన్న చిన్న ఆసుపత్రులకూ, మందుల షాపులకూ, రక్తపరీక్షల ల్యాబులకూ కావలసిన సాఫ్ట్‌వేర్ మా కంపెనీ తయారు చేస్తుంది. ఆ కోడంతా విడివిడిగా కాకుండా ఒకే పెద్ద చోట ఉంటుంది. దాన్ని మోనోరెపో అంటారు. ఇంటిల్లిపాది బట్టలూ ఒకే బీరువాలో పెట్టుకున్నట్టు అని నా భార్యకు చెప్పాను.

"మరి నీ పనేంది? మడతలు పెట్టుడా?" అంది.

అంతకంటే సరిగ్గా ఎవరూ చెప్పలేదు. ఎవరు ఏ చిన్న మార్పు చేసినా మొత్తం బీరువా దులిపి మళ్ళీ సర్దాలి. దాన్ని బిల్డ్ అంటాం. ముప్పావుగంట నడిచి, అంతా బాగుంటే స్క్రీన్ మీద పచ్చ గుర్తు వస్తుంది, లేకపోతే ఎర్ర గుర్తు. ఎవరో మందుల బిల్లులో ఒక అక్షరం మారుస్తారు, ఎక్కడో రక్తపరీక్ష రిపోర్టు ఆగిపోతుంది. దీనికీ దానికీ ఏం సంబంధమో నాకు అర్థం కాదు. అర్థం కాకపోతే కోపం వస్తుంది. కోపం వస్తే ముందు మౌస్‌ను, తర్వాత మనుషులను తిట్టడం నాకు అలవాటు. పదేళ్ళుగా ఈ పని చేస్తున్నాను, ఏ ఒక్క రోజూ అంతా తెలిసి ఇంటికి పోలేదు.

ఇద్దరు ఒకేసారి తమ పని తెచ్చి కలిపితే గందరగోళమవుతుంది. అందుకని మా కరీంనగర్ ఆఫీసులో ఒక స్టీలు గ్లాసు పెట్టుకున్నాం. అది ఎవరి బల్ల మీద ఉంటే వాళ్ళే కలపాలి. పని అయ్యాక పక్కవాళ్ళకు ఇవ్వాలి. హైదరాబాద్‌లో ఉండే మా మేనేజర్ దీనికి వేరే పద్ధతి ఉందని, వరుస అదే చూసుకుంటుందని రెండుసార్లు వివరించాడు. మేం తల ఊపాం, గ్లాసు మాత్రం మానలేదు. గ్లాసు ఎవరి దగ్గరుందో తల ఎత్తి చూస్తే తెలిసిపోతుంది కనుక, ఎవరు ఏం కలిపారో కంప్యూటర్‌లో వెతికే అలవాటు మాకెవరికీ లేకపోయింది.

ఆదిలాబాద్‌లో మాకు నలుగురితో చిన్న ఆఫీసు ఉంది. అందులో ఒకామె రక్తపరీక్షల ల్యాబు భాగమంతా రాసేది. ముప్పై ఏళ్ళుంటాయి. భర్త పత్తి మిల్లులో పనిచేస్తాడు. ఆదివారం ప్రార్థన అయ్యేదాకా ఫోన్ ఎత్తదు, మిగతా రోజుల్లో ఒక్క పిలుపుకే పలుకుతుంది. ఆమెకు మా గ్లాసు కనిపించదు కదా. అందుకని రోజూ పదకొండు గంటలకు నాకు ఫోన్ చేసేది.

"అన్నా, గ్లాసు ఇడ్సిండ్రా?"

"జరాగు చెల్లె, ఇంక ఇడ్వలే" అనో, "ఇడ్సిండ్రు, కానియ్" అనో చెప్పేవాణ్ణి. ఆమె వంతు వచ్చినప్పుడు గ్లాసు తెచ్చి నా ఫోన్ పక్కన పెట్టుకునేవాణ్ణి. నేను ఇంటి నుంచి పనిచేసే రోజుల్లో ముందు ఆఫీసుకు ఫోన్ చేసి గ్లాసు సంగతి కనుక్కుని, తర్వాత ఆమెకు చెప్పేవాణ్ణి. "గ్లాసుకు గూడ దళారి ఉంటడా?" అని నా భార్య నవ్వేది.

ఆదిలాబాద్ ఆమెది ఏడాది కాంట్రాక్టు. మూడేళ్ళుగా ఏడాదికోసారి పొడిగిస్తున్నారు. ల్యాబు పని పూర్తయితే ఈసారి పర్మినెంట్ చేస్తామని మేనేజర్ మాటిచ్చాడు. ఆ మాట ఆమె నాకు ఎన్నిసార్లు చెప్పిందో.

అప్పుడే అప్‌గ్రేడ్ వచ్చి పడింది. మా కోడంతా నిలబడిన పునాది పాతబడింది, మార్చాలన్నారు. ఆ పని నాకప్పగించారు. అసలు కోడును ఎవరూ ముట్టుకోవద్దని, అప్‌గ్రేడ్ అయ్యేదాకా ఎవరేం రాసినా నా విడి బ్రాంచిలోనే, అంటే అసలు కోడుకు నేను తీసుకున్న నకలులోనే, గ్లాసు వరుసలో కలపాలని నిర్ణయమైంది. రెండు నెలలనుకున్నది ఐదు నెలలు పట్టింది. ఒకటి బాగుచేస్తే మూడు చెడేవి. ఎక్కడ మొదలుపెట్టానో ఎక్కడ ఉన్నానో తెలియక, నోట్‌బుక్‌లో బాణం గుర్తులు గీసుకుని, మరునాడు ఆ గుర్తులు దేనికో అర్థం కాక మళ్ళీ గీసుకునేవాణ్ణి.

చివరికి నా బ్రాంచిని అసలు కోడులో కలిపే రోజు వచ్చింది. అత్యవసరమని మధ్యలో అసలు కోడులో చేసిన సవరణలతో గొడవ పడుతున్న ఫైళ్ళను విడదీయడానికి మూడు రోజులు పట్టింది. అన్నీ సర్దాక కంప్యూటర్ ఒక ప్రశ్న అడిగింది. ఇందులో ఉన్న వందల మార్పులను ఎవరివి వాళ్ళవిగా ఉంచాలా, లేక అన్నీ కలిపి ఒకే మూట కట్టాలా? వందల వరుసల కంటే ఒక మూట శుభ్రంగా ఉంటుందనిపించింది. నొక్కాను. పచ్చ గుర్తు వచ్చింది. పని అయిపోయిన బ్రాంచిని చెరిపేయడం మా నియమం కనుక అదీ చెరిపేశాను. ఆ సాయంత్రం బస్టాండ్ దగ్గర వరసగా రెండు చాయ్‌లు తాగాను.

ఆ మూట మీద ఒకే పేరు పడుతుందని, ఆ పేరు కట్టినవాడిదని నాకు తెలియదా అంటే తెలుసు. తెలిసిన సంగతి ఆ సమయానికి గుర్తుకు రాకపోతే దాన్ని తెలియడం అనాలో కాదో నాకు తేలలేదు.

వారం తర్వాత వీడియో మీటింగులో మేనేజర్ అందరి ముందూ నన్ను మెచ్చుకున్నాడు. "అప్‌గ్రేడ్ సరే, ల్యాబు పని కూడా మీరే భుజానేసుకున్నారు. గ్రేట్" అన్నాడు. నాకు అర్థం కాలేదు. ల్యాబు పని నేనెప్పుడు చేశాను? బహుశా కలపడాన్ని చేయడంగా లెక్కేస్తున్నాడేమో, పెద్దవాళ్ళ లెక్కలు వేరుగా ఉంటాయేమో అనుకున్నాను. పదేళ్ళలో నన్ను నలుగురి ముందు మెచ్చుకోవడం అదే మొదటిసారి. "థ్యాంక్యూ సార్" అన్నాను. ఆ రోజు మీటింగుకు ఆదిలాబాద్ వాళ్ళు రాలేదు, అక్కడ నెట్ పోయింది.

మరో రెండు రోజులకు ఆమె ఫోన్ చేసింది. ఈసారి గ్లాసు అడగలేదు.

"అన్నా, సార్ నా పని చూసిండట. ఐదు నెలల్ల నా పేరు మీద ఏం లేదంటుండు. జర చూస్తరా?"

చూశాను. నిజంగానే లేదు. పైకీ కిందికీ రెండుసార్లు వెతికాను, ఒక్క వరుస కూడా లేదు. పని చేసినామె ఫోన్‌లో ఉంది, చేసినట్టు ఆనవాలు లేదు.

"చూసిన చెల్లె. నీ పేరు మీద ఒక్కటి గూడ కనవడ్తలేదు. నీ కంప్యూటర్లనే ఉండిపోయిందేమో, నువ్వు పంపలేదేమో."

"అయుండొచ్చన్నా" అంది. "పంపిన అనుకున్న. నాకే పరేషాన్ అయితుంది." ఫోన్ పెట్టేసింది.

నేను చెప్పింది అబద్ధం కాదు. కంప్యూటర్‌లో ఉన్నదే చెప్పాను. పదేళ్ళుగా నన్ను తికమక పెడుతున్న ఆ యంత్రాన్ని ఆ ఒక్క రోజు ఎందుకంత నమ్మానో ఇప్పటికీ తెలియదు.

ఇరవై రోజులు గడిచాయి. పదకొండింటికి ఫోన్ రావడం ఆగిపోయింది. ఒక ఉదయం ఇంట్లో సర్వపిండి తింటుంటే నా భార్య అడిగింది, "గా ఆదిలాబాద్ ఆమె గీ నడుమ ఫోన్ చేస్తలేదేంది?"

"ఆమె పని కష్టమే. పర్మినెంట్ చెయ్యరట. ఐదు నెలల్ల ఆమె చేసింది ఏం లేదట."

"ఎవలన్నరు?"

"కంప్యూటర్ల ఆమె పేరే లేదు."

నా భార్య పెనం వైపు నుంచి తల తిప్పింది. "మరి ఐదు నెలలు రోజూ పదకొండు కొట్టంగనె గ్లాసు గ్లాసు అని ఎందుకు అడిగింది? పనిలేకనా? నువ్వే ఇయ్యవడ్తివి కదా గ్లాసు!"

చేతిలో ముక్క చేతిలోనే ఉండిపోయింది. ఆమెకు గ్లాసు ఇచ్చింది నేను. "కానియ్" అన్నది నేను. ఆమె పని నా బ్రాంచిలోకి వచ్చిన ప్రతిసారీ ఆ చివరన ఉన్నది నేనే. లోకంలో ఆమెకు ఒక్క సాక్షి ఉన్నాడంటే అది నేనే, ఆ సాక్షే కంప్యూటర్ చూసి లేదన్నాడు. అప్పుడు మూట గుర్తొచ్చింది, వెంటనే మీటింగు కూడా. ఆఫీసుకు పోయి మూట విప్పి చూస్తే ల్యాబు పనంతా అందులోనే ఉంది, నా పేరుతో.

మేనేజర్‌కు ఫోన్ చేసి మూట సంగతి చెప్పాను. మెచ్చుకున్నప్పుడు ఎందుకు ఊరుకున్నానో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు. అప్‌గ్రేడ్ అయిన కోడును మళ్ళీ విప్పడం కుదరదని, ఏది ఎవరిదో రుజువులతో లిస్టు పంపమని, శుక్రవారం దాటితే కాంట్రాక్టు కాగితాలు వెళ్ళిపోతాయని అన్నాడు. చెరిపేసిన బ్రాంచి నా దగ్గర లేదు. ఆమె కంప్యూటర్‌లో ఉండాలి. ఫోన్‌లో అడిగే ముఖం లేక మరునాడు పొద్దున్నే బస్సెక్కాను.

కొండగట్టు దగ్గర దర్శనం చేసుకున్న గుంపు ఒకటి ఎక్కింది. గుండు గీయించుకున్న పెద్దాయన నా పక్కన కూర్చుని, ఏం పని మీద పోతున్నావని అడిగాడు. చెప్పడం మొదలుపెట్టాను. జగిత్యాల వచ్చేసరికి ఆయనకూ నాకూ కూడా ఏమీ అర్థం కాకుండా పోయింది. "మంచిదే బిడ్డా" అని దిగిపోయాడు.

ముందే చెప్పేస్తాను, ఆమె ఉద్యోగం నిలిచింది. లిస్టు సమయానికి చేరింది, పర్మినెంట్ కూడా అయింది. అయినా ఆ రోజు తలుచుకుంటే నాకు ఇప్పటికీ తేలిగ్గా ఉండదు.

ఆదిలాబాద్ ఆఫీసులో ఆమె నన్ను చూసి లేచి నిలబడింది. కుర్చీ వేసింది, నీళ్ళిచ్చింది. జరిగిందంతా చెప్పాను, మీటింగు సంగతి తప్ప. కోప్పడుతుందనుకున్నాను. తిడితే బాగుండుననిపించింది.

"నౌకరి పోతదని గంత ఫికర్ కాలేదన్నా" అంది. "మీరు లేదంటిరి కదా. మీరు అబద్ధమాడరు. ఇగ నేనే చెయ్యలేదేమో అనుకున్న. ఇంట్ల గూడ గట్లనే చెప్పిన, పొరపాటు నాదే అని. ఇరవై దినాలు నా తలకాయె ఖరాబైందనుకున్న."

ఆమె కంప్యూటర్ తెరిచింది. పాత బ్రాంచి చెక్కుచెదరకుండా ఉంది. ల్యాబు మార్పుల్లో చాలావాటి మీద ఆమె పేరే ఉంది. కానీ అక్కడ నెట్ లేని రోజుల్లో ఆమె పక్క షాపు నుంచి నాకు మెయిల్ చేస్తే నేను నా చేత్తో కలిపినవి కొన్ని ఉన్నాయి. వాటి మీద నా పేరుంది. వాటిని ఒక్కొక్కటి తేల్చాలి. నేను చదవడం, ఆమె ఎవరిదో చెప్పడం, నేను రాయడం. అలా మధ్యాహ్నం దాటింది. నాకు ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నట్టు ఉంది, అనుమానం ఉన్నచోటల్లా ఆమె పేరే రాసేస్తున్నాను.

ఒకచోట ఆమె నా చేతిని ఆపింది.

"గిది నాది కాదన్నా. గా దినం నాకు జ్వరం. మీరే రాసిండ్రు."

"ఉండనియ్ చెల్లె. ఒకటి ఎక్కువైతే ఏమైతది?"

ఆమె నా వైపు తిరిగింది. ముఖంలో ఎత్తిపొడుపేమీ లేదు, నిజంగానే అడుగుతోంది. "మీది కానిది మీకు ఎవలన్న ఇస్తే మీరు తీస్కుంటరా అన్నా?"

ఆమె పేరు కొట్టేసి నా పేరు రాశాను. పెన్ను కింద పెట్టి మీటింగు సంగతి చెప్పాను. ల్యాబు పని నాదని ఆయన అన్నదీ, నేను థ్యాంక్యూ అన్నదీ, అంతా.

ఆమె స్క్రీన్ వైపు తిరిగింది.

"ఇగ తర్వాతది చదువుండ్రి" అంది. ఈసారి "అన్నా" అనలేదు.