గిటారు విప్పిన మా మేనమామ

మా మేనమామ పోయాడని సోమవారం పొద్దున నిర్మల్ నుంచి కబురొచ్చింది. బస్సెక్కి వెళ్లేసరికి అంతా అయిపోయింది. "పొద్దుగాల ఉలి నూరిండు, గంతే బిడ్డా," అంది అత్తమ్మ. ఆయన కొయ్యబొమ్మలు చెక్కేవాడు. ఆ పని తెలిసినవాళ్లు నిర్మల్‌లో చాలామందే ఉన్నారు. కానీ నేను భయంతో చచ్చిపోతున్న రోజుల్లో నా పక్కన కూర్చున్నది ఆయనొక్కడే.

అప్పుడు నేను బెల్లంపల్లిలో గుమస్తాని. పక్క క్వార్టరులో ఉండే రైలింజను డ్రైవరు నాకు గిటారు నేర్పేవాడు. ఆ గిటారు ఆయన చనిపోయిన తమ్ముడిది, విదేశం నుంచి ఓడ మీద వచ్చింది. పైపలక ఫిడేలుకు మల్లే మధ్యలో ఉబ్బి అంచులకు వాలి ఉండేది. తీగల కింద అయస్కాంతపు బిళ్ల. దాని వైరు రేడియోకు కలిపితే లావుపాటి, మెత్తని గొంతు పలికేది.

డ్రైవరు పది రోజుల సెలవు మీద వెళ్తూ దాన్ని నాకు అప్పగించాడు. "పైలం తమ్మీ. వాడు పోయినంక నాకు గిదే మిగిలింది," అన్నాడు. నేను గొప్ప కోసం దోస్తు పెళ్లికి పట్టుకెళ్లాను. బల్ల మీంచి జారి బండల మీద పడింది. పైపలకకు జానెడు పగులు.

మర్నాడే దుప్పట్లో చుట్టి నిర్మల్ బస్సెక్కాను.

మామ అంతకుముందు గిటారును చూడలేదు. నన్ను తిట్టనూ లేదు. పలక మీద వేలి గణుపుతో అక్కడక్కడ తట్టి చెవి ఆనించాడు.

"జీవమున్నది. గానీ లోపట్నించి అతుకెయ్యాలె. వీపు విప్పాలె."

"విప్పితే మళ్ల అతుకుతదా మామా?"

"నాకేం ఎరుక అల్లుడా. నాకు గూడ భయమైతాంది."

ఆయన పల్చటి కత్తిని కాచి, అంచు వెంట కొంచెం కొంచెంగా తోస్తూ పోయాడు. సగంలో టప్‌మంది. ఇద్దరం బిగుసుకుపోయాం. ఆయన నుదుటి చెమట కత్తి మీద పడి చుయ్యిమంది. విరిగింది చెక్క కాదు, పాత జిగురు.

వీపు ఊడొచ్చాక మామ చాలాసేపు లోపలి పక్క తడుముతూ ఉండిపోయాడు. "చూడు అల్లుడా. ఎవలు చూడని తావు. గీడ గూడ నున్నగ గీకిండు. నడుమ మందం, అంచుకు పోయేకొద్ది పలుచన. ఎవడో గానీ మస్తు ఓపికున్నోడు." మామ కూడా బొమ్మల అడుగుకు రంగు వేసే మనిషే. అడుగున ఎవరు చూస్తారని అడిగితే "చేసినోడు చూస్తడు" అనేవాడు.

పగులు వెంట లోపల చిన్న చెక్కముక్కలు అతికించి, వీపు మూసి, నాలుగు రోజులు ఆరబెట్టాడు. పైన గీత కూడా కనబడలేదు.

"డ్రైవరుకు తెల్వదు మామా. చెప్పకుంటనే ఇచ్చేస్త," అన్నాను.

ఆయన అంగీ తొడుక్కున్నాడు. "నడువు, నేను గూడ వస్త. చెప్పే ఇయ్యాలె."

బెల్లంపల్లిలో మేం నోరు విప్పేలోపే డ్రైవరు గిటారు అందుకుని రేడియోకు వైరు కలిపి, ఒక్క తీగ మీటి ఆగిపోయాడు. "ఎవలు ముట్టిండ్రు దీన్ని?"

"నేనే పడేసిన. పలిగింది," అన్నాను. ఆ మాట నాకే సరిగా వినబడలేదు.

"నేను విప్పిన," అన్నాడు మామ, నా ముందుకొచ్చి నిలబడి.

డ్రైవరు నా వైపు చూడలేదు. మామను అడిగాడు: "లోపట ఎట్లున్నది?"

మామ చెప్పాడు. వింటూ వింటూ డ్రైవరు ఆయన చెయ్యి పట్టి పలక మీద పెట్టుకుని వాయించాడు. ఆ తర్వాత నాకు గిటారు పాఠం మళ్లీ చెప్పలేదు. నిజం చెప్పినందుకు మాత్రం నేనెన్నడూ బాధపడలేదు. ఆ ఒక్కటీ మామ పెట్టిన భిక్షే.

ఆ సాయంత్రం బస్సు స్టాండులో మామను నిర్మల్ బస్సు కిటికీ పక్కన కూర్చోబెట్టి కిందికి దిగాను. కండక్టరు టికెట్టని పిలుస్తున్నా ఆయనకు వినబడలేదు. కుడి అరచేతిని ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని, అందులో ఇంకా ఆ తీగ వణుకుతున్నట్టు దానివంకే చూస్తున్నాడు. బస్సు కదిలింది.