పన్నెండో పేపరు

దెయ్యాలంటే నాకు భయం కాదు, చిరాకు. మా బంధువుల్లో ఎవరైనా అలాంటి కథ మొదలుపెడితే "ఎన్ని గంటలకి? నువ్వే చూశావా, ఎవరైనా చెప్పారా? పక్కన ఇంకెవరున్నారు?" అని అడిగి వాళ్ల ఉత్సాహం నీరుగార్చేదాన్ని. నేను లెక్కల టీచర్ని. కూడిక తప్పు వస్తే మళ్లీ కూడతాను, అంతే. అలాంటిది, పదకొండు రావాల్సిన చోట నాకు నాలుగు వారాలు వరసగా పన్నెండు వచ్చింది. అదెలా వచ్చిందో ఈ రోజుకీ తెలియదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, ఆపైన మీ ఇష్టం.

ఎనభైల చివరి మాట. నాకప్పుడు ఇరవై ఆరేళ్లు. కృష్ణానగర్లో మేడ మీద రెండు గదులు అద్దెకు తీసుకుని అమ్మా నేనూ ఉండేవాళ్లం. మాది తెనాలి దగ్గర. రోజూ ఎండలో గుట్ట ఎక్కి జూబ్లీహిల్స్‌లో ఒక స్కూలుకు వెళ్లి పదో తరగతికి లెక్కలు చెప్పేదాన్ని. దారిలో ఏదో ఒక బంగళా ముందు షూటింగు వ్యాన్లు ఆగి ఉండేవి. పిల్లలు అటు చూస్తే నేను వాళ్ల వైపు చూసేదాన్ని, తల దించుకునేవాళ్లు. నేనంటే హడల్. ఆ హడల్ అంటే నాకు ఇష్టంగా ఉండేది కూడా, దాచుకోవడం ఎందుకు.

ఆ స్కూల్లో నా చివరి సంవత్సరం జనవరిలో ప్రీ-ఫైనల్ పేపర్ ముందే బయటికి వచ్చిందని గొడవైంది. పేపర్ తయారుచేసింది నేను. కాబట్టి బయటపెట్టింది కూడా నేనే అన్నారు. సాక్ష్యం లేదు, సంజాయిషీ అడగలేదు. ప్రిన్సిపాల్ మేడమ్ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, "మీరే చేశారని నేను నిరూపించలేనమ్మా. కానీ ఇకమీద మిమ్మల్ని నమ్మలేను" అంది. పరీక్షలయ్యాక రాజీనామా ఇచ్చి వచ్చేశాను. ఇంటికొచ్చి రెండు రోజులు అన్నం తినలేదు. నా మీద ఇంత మాటా! నేనా!

అదృష్టం కొద్దీ యూసుఫ్‌గూడ వైపు ఇంకో స్కూల్లో జూన్ నుంచి ఉద్యోగం ఇస్తామన్నారు. ఆ కరస్పాండెంట్ గారు ఒకటే షరతు పెట్టారు: "అక్కడేం జరిగిందో మాకు అనవసరం అండీ. జూన్ లోపల మీ మీద ఇంకో మాట వినపడకూడదు." నాకు మిగిలిన పరువంతా ఆ మాట మీద వేలాడుతోంది.

జూన్ దాకా ఊరికే ఎందుకని మా ముందు గదిలో కోచింగ్ మొదలుపెట్టాను. పదో తరగతికి వెళ్లబోయే పిల్లలు పదకొండు మంది. పొద్దున్న ఆరు నుంచి ఎనిమిది వరకు క్లాసు, ప్రతి శనివారం పరీక్ష. అయ్యాక అమ్మ అందరికీ మజ్జిగ ఇచ్చేది.

మొదటి శనివారం పేపర్లు తీసుకుని లెక్కపెట్టాను. పన్నెండు. ఎవడో అదనపు కాగితం విడిగా ఇచ్చి ఉంటాడులే అనుకున్నాను. దిద్దుతుంటే తెలిసింది, పదకొండు మంది పేపర్లూ పూర్తిగానే ఉన్నాయి. పన్నెండోదాని మీద పేరు లేదు. అన్ని ప్రశ్నలకూ జవాబులు ఉన్నాయి. అన్నీ సరైనవే. చేతిరాత ఏ ఒక్కరిదీ కాదు. కాగితం కుడి పక్కన నిలువునా ఒక మడత, గోటితో గట్టిగా నొక్కినట్టు ఉంది.

మడత చూడగానే నా బుర్రకు తోచింది ఒకటే. ఎవరో బయట రాయించి, మడిచి జేబులో పెట్టుకుని తెచ్చారు. అంటే నా ప్రశ్నలు ముందే బయటికి వెళ్లాయన్నమాట. నా మీద రెండో మాట రావడానికి అది చాలు. పాత స్కూలు వాళ్లే పంపించారని నాకు గట్టి అనుమానం. పేపర్ని ట్రంకుపెట్టెలో చీరల అడుగున దాచాను. అమ్మకు కూడా చెప్పలేదు.

రెండో శనివారం తెల్లారి లేచి ప్రశ్నలన్నీ మార్చేశాను. ఎక్కడా రాసుకోకుండా నేరుగా బోర్డు మీద వేశాను. మళ్లీ పన్నెండు. అదే రాత, అదే మడత.

పిల్లల్లో ప్రసాద్ అని ఒకడు. వాళ్ల నాన్న సినిమా కంపెనీలో మేనేజరు, మా పాత ప్రిన్సిపాల్‌కి బాగా తెలిసినాయన. ఇంకేం, దొంగ దొరికాడనుకున్నాను. వాడి సంచీ అందరి ముందూ బోర్లించాను. కంపాస్ బాక్సు, రెండు జామకాయలు పడ్డాయి. వాడు కళ్లనీళ్లు పెట్టుకుని, "ఏం చేశానని మిస్?" అన్నాడు. అయినా గద్దించే కూర్చోబెట్టాను.

మూడో శనివారం నా తెలివంతా ఉపయోగించాను. పదకొండు తెల్లకాగితాలు తీసి ఒక్కోదాని మీద ఎర్రసిరాతో నంబరు వేసి సంతకం పెట్టాను. తలుపుకు లోపల గడియ వేశాను. కుర్చీలోంచి లేవలేదు, తల తిప్పలేదు. ఎనిమిదింటికి నేనే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లి పేపర్ చేతిలోకి తీసుకున్నాను. బల్ల దగ్గరికొచ్చి లెక్కపెట్టాను.

పన్నెండు. పన్నెండో దాని మీద ఎర్రసిరాతో 12 అని అంకె, కింద నా సంతకం. నా ఇంటిపేరు మొదటి అక్షరం కింద నేను చిన్న చుక్క పెడతాను, అలవాటు. ఆ చుక్క కూడా ఉంది. నేను పెట్టలేదు. నా సంతకం నాకు తెలియదా!

అప్పుడు మాత్రం భయం వేసింది. దెయ్యమని కాదు, నాకే మతి చెడుతోందేమోనని. ఎవరికి చెప్పుకోను? చెబితే, పేపర్ బయటపెట్టిన టీచరమ్మ ఇప్పుడు కట్టుకథలు కూడా అల్లుతోందంటారు.

నాలుగో శనివారం నాకు ఓపిక లేదు. చేతికందిన గైడు తెరిచి అందులోంచి లెక్కలు ఇచ్చేశాను. చివరిది ఇది: పదిన్నర సెంటీమీటర్ల వ్యాసార్ధం ఉన్న లోహపు గోళాన్ని కరిగించి, మూడున్నర వ్యాసార్ధం, మూడు ఎత్తు ఉన్న శంకువులు పోస్తే ఎన్ని వస్తాయి? గైడులో జవాబు 162.

మధ్యాహ్నం దిద్దడానికి కూర్చున్నాను. గైడు ఇంట్లో ఉన్న పిల్లలు 162 రాశారు. లేనివాళ్లు ఏవేవో రాశారు. పన్నెండో పేపరులో మాత్రం 126 అని ఉంది. హమ్మయ్య, ఒకటైనా తప్పు చేశావా అనుకుంటూ ఎర్రకలం ఎత్తాను. ఎత్తిన చెయ్యి అలాగే ఆగిపోయింది. ఆ 126 నేను ఇంతకు ముందు ఒకసారి కొట్టేశాను.

స్వరూప. మీకు ఆ పిల్ల గురించి చెప్పాలి. చెప్పడానికి సిగ్గుగా ఉంది.

గుట్ట మీద స్కూల్లో సగం ఫీజుతో చదివే పిల్ల. వాళ్లమ్మ భాగ్యమ్మ సినిమావాళ్ల బట్టలు కుట్టేది. స్వరూప స్కేలుతో మార్జిన్ గీసేది కాదు, కాగితాన్ని కుడి పక్కన మడిచి గోటితో నొక్కేది, వాళ్లమ్మ గుడ్డ మడిచినట్టు. ఆ మడత కోసం ఎన్నిసార్లు తిట్టానో. హాఫ్ ఇయర్లీలో నేను ఇదే లెక్క ఇచ్చాను. తను స్టెప్పులు లేకుండా 126 అని రాసింది. సున్నా వేశాను. క్లాసులో లేచి నిలబడి, "ఆన్సర్ కరెక్టే మిస్. నేనే చేసిన. మీరు జర ఒకసారి చేసి చూడుండ్రి" అంది.

నన్ను చేసి చూడమంటుందా! ఒళ్లు మండిపోయింది. "స్టెప్పులు లేవంటే ఎవరి దగ్గరో చూసి రాశావన్నమాట. అది కూడా తప్పుగా" అని అందరి ముందూ కడిగేసి ప్రిన్సిపాల్ దగ్గరికి పంపాను. ఫీజు తగ్గింపు తీసేశారు. రికార్డులో కాపీ కొట్టిందని రాశారు. సంక్రాంతి సెలవుల తర్వాత ఆ పిల్ల రాలేదు. పబ్లిక్ పరీక్షా రాయలేదు. నేను ఆ సంగతే మర్చిపోయాను.

ఇప్పుడు నా ముందున్న పన్నెండో పేపరులో స్టెప్పులన్నీ ఉన్నాయి. ఒక్కటి కూడా వదల్లేదు. తప్పు ఎక్కడుందా అని ఒక్కో వరసా వేలుపెట్టి చూశాను. దొరకలేదు. చివరికి నేనే కాగితం తీసుకుని చేశాను. ఆ లెక్క నేను స్వయంగా చేయడం అదే మొదటిసారి. 126 వచ్చింది. మళ్లీ చేశాను. 126. గైడులో అంకెలు తారుమారుగా అచ్చయ్యాయి. హాఫ్ ఇయర్లీలో కూడా నేను ఆ గైడు చూసే దిద్దాను. గైడు చూసి 162 రాసినవాళ్లందరికీ ఐదుకు ఐదు వేశాను. చూసి రాయని ఒక్క పిల్లనీ దొంగ అన్నాను.

ఎంతసేపు ఏడ్చానో తెలియదు. అమ్మ వచ్చి "ఏమైందే, ఏమైందే" అంటే ఏమని చెప్పను?

ఆ ఏడుపులోనే ఇంకో ఆలోచన వచ్చింది. ఆ పిల్ల బతికే ఉందా?

ఆ సాయంత్రమే వెతుక్కుంటూ వెళ్లాను. వాళ్లు రహమత్ నగర్‌కు మారిపోయారని తెలిసింది. సందులో ఇల్లు పట్టుకుని వెళ్లేసరికి గుమ్మంలో కుట్టుమిషన్, దాని పక్కన ఇస్త్రీ చేస్తూ స్వరూప. నిక్షేపంగా ఉంది. ప్రాణం లేచొచ్చింది.

భాగ్యమ్మ నన్ను గుర్తుపట్టి మిషన్ ఆపలేదు. "ఇంకేం మిగిలిందని ఒచ్చినవు టీచరమ్మా? పిల్ల సదువు ఆగమైపాయె. మేం షూటింగుకి మదనపల్లి దిక్కు పోయి, రెండు నెలలుండి మొన్ననే ఒచ్చినం" అంది. నా అనుమానపు బుద్ధి ఎక్కడికి పోతుంది? తర్వాత కృష్ణానగర్లో ఆ షూటింగుకి కాస్ట్యూమ్స్ చూసిన ఆయన్ని పట్టుకుని మరీ అడిగాను. నిజమే. ఆ నాలుగు శనివారాలూ తల్లీ కూతుళ్లిద్దరూ అక్కడే ఉన్నారు. ఒక్కరోజు కూడా కదల్లేదు.

వెంట తెచ్చిన ఆ నాలుగు పేపర్లూ స్వరూప చేతిలో పెట్టాను. ఒక్కోటీ తిప్పి చూసింది. మడత మీద గోరు రాసి చూసుకుంది.

"నా రాతే మిస్. కానీ నేను రాయలే."

ఆ లెక్క హాఫ్ ఇయర్లీలో స్టెప్పులు లేకుండా ఎలా చేశావని అడిగాను. "అమ్మ కొలత మీద కొలత మడత పెడ్తది గదా మిస్. పదిన్నరల మూడున్నర మూడుసార్లు పడ్తది. గట్ల మడ్సుకుంట పోయిన, ఒచ్చేసింది" అంది. తర్వాత నాలుగో పేపరు నా వైపు తిప్పింది.

"కరెక్టే ఉంది గదా. మరి మార్కులు ఎందుకెయ్యలే?"

నా చేతిసంచీలో ఎర్రకలం ఉంది. ఆ గుమ్మంలోనే కూర్చుని ఐదుకు ఐదు వేశాను. ఒళ్లో పెట్టుకుని వేస్తే అంకె వంకరగా పడింది. "తప్పు నాది, నన్ను క్షమించు" అన్నాను. భాగ్యమ్మ మిషన్ అప్పుడు ఆగింది.

మర్నాడు పాత స్కూలుకు ఉత్తరం రాశాను. తప్పు గైడుది, అంతకంటే నాది, ఆ పిల్ల కాపీ కొట్టలేదని చెప్పి, రికార్డులో ఆ మాట తీసేయమని అడిగాను. తీసేశారు. ఆ ఉత్తరం సంగతి ఎలా చేరిందో యూసుఫ్‌గూడకూ చేరింది. జూన్‌లో మీరు రానక్కర్లేదని నాలుగు ముక్కల్లో కబురు పంపారు. జీతం వచ్చే ఉద్యోగం అక్కడితో సరి. ఇప్పటికీ కోచింగే నా బతుకు.

స్వరూప ఆ వారమే కోచింగులో చేరింది. పదకొండు మంది ముందూ నిలబడి, ఈ పిల్లకి నేనేం చేశానో చెప్పాను. ప్రసాద్‌కి కూడా క్షమాపణ చెప్పాను. మరుసటి మార్చిలో తను ప్రైవేటుగా పరీక్ష రాసింది. లెక్కల్లో నూటికి తొంభై ఎనిమిది.

తను వచ్చిన మొదటి శనివారం పన్నెండు కాగితాల మీద సంతకం పెట్టాను. పన్నెండే తిరిగొచ్చాయి. మూడుసార్లు లెక్కపెట్టాను. ఆ తర్వాత ఎప్పుడూ తేడా రాలేదు.

ఆ రోజు అమ్మ మజ్జిగ తెచ్చి అందరికీ ఇస్తూ, స్వరూప దగ్గర ఆగి, "నీ గ్లాసులో ఉప్పు వేయలేదులే అమ్మా" అంది. స్వరూప తల ఊపి తాగేసింది. తనకు ఉప్పు పడదట. అమ్మకు ఎలా తెలుసని లోపలికెళ్లి అడిగాను. "అదేంటే, ఆ మూల కూర్చునే పిల్లేగా, నువ్వు కోచింగు మొదలుపెట్టిన మొదటి వారమే చెప్పింది" అంది అమ్మ. అమ్మకప్పటికే కళ్లలో శుక్లాలు. ఎవరిని చూసి ఎవరనుకుందో, నేనేం చెప్పను.

దెయ్యాలని నేను ఇప్పటికీ నమ్మను. అసలు ఇందులో చనిపోయినవాళ్లే లేరు కదా. ఆ నాలుగు పేపర్లూ ట్రంకుపెట్టెలో ఇంకా ఉన్నాయి. అప్పుడప్పుడూ తీసి ఎర్రసిరా సంతకం కింద నా చుక్క చూసుకుంటాను. నాలుగోదాని మీద నేను వంకరగా వేసిన ఐదు ఉంది. ఆ మార్కులు ఎవరికి వేశానో మాత్రం నాకు తెలియదు.