ఒక్క దెబ్బ

నా చిన్నప్పుడు మా అరకు కొండల్లో ఎలుగుబంట్లు చాలా పెద్దవిగా ఉండేవి. అంటే, మా తాతయ్య నోట్లో. ఆయన తరిమిన ఎలుగు మొదట దూడంత ఉండేది. నా పాలపళ్ళు ఊడేసరికి ఏనుగంతై, సొరంగంలో ఇరుక్కుని విశాఖ రైలును ఆపేసింది. నేను చెప్పే గొప్పలన్నీ ఆయన ఇచ్చిన ఆస్తే.

తొంభైల్లో ఒక సాయంత్రం మా చిన్నతాత, అంటే తాతయ్య తమ్ముడు, జీలుగుకల్లు ఎవరు ముందు తాగాలన్న తగువులో పొరుగింటి మనిషిని గొడ్డలితో కొట్టాడు. ఆ మనిషి అక్కడే పోయాడు. చూసింది తాతయ్య ఒక్కడే.

మా కొండల్లో తప్పు చేసినవాడు పారిపోడు, తనే స్టేషనుకు నడుస్తాడు. చిన్నతాత కూడా గెడ్డ నీళ్ళలో మునిగి, గొడ్డలిని ఇసకతో తళతళా తోముకుని మరీ వెళ్ళాడు. రక్తం ఏదిరా అని పోలీసాయన బస్సు పట్టేంత నోరు తెరిచాడట.

"బాబుల గుమ్మంలోకి మైల పట్టుకొస్తానేటి?" అన్నాడట చిన్నతాత.

పోలీసుల దగ్గర ఒప్పుకున్నది కోర్టులో చెల్లదనీ, గొడ్డలికి రక్తం లేదనీ, తాతయ్య చూడలేదని చెబితే చిన్నతాత ఇంటికొచ్చేస్తాడనీ మా లాయరు చెప్పాడు.

"రోజూ కోతలు కోసే నోరే గదా, ఈ ఒక్కపాలి కోస్తే అరిగిపోద్దేటి?" అంది నాయనమ్మ.

కోర్టు మెట్ల మీద చనిపోయినవాడి భార్య చంటిబిడ్డతో కూర్చుని ఉంది. తాతయ్య ఆమెను దాటుకుని లోపలికి వెళ్ళాడు. నాయనమ్మ పక్కన కూర్చుని నేను ఏనుగంత ఎలుగులాంటి కోత కోసం ఎదురుచూశాను. ఎన్ని దెబ్బలు కొట్టాడని ప్రభుత్వ లాయరు అడిగాడు. ఆయనకు పది కావాలి, మా లాయరుకు ఒక్కటీ వద్దు.

"ఒక్క దెబ్బ, బాబూ. తాగున్నాడు. ముందర ఏటీ అనుకోనేదు. కొట్టీసి, ఆడి తల ఒళ్ళో ఎట్టుకుని ఏడ్సినాడు."

బోనులో చిన్నతాత అవునన్నట్టు తలూపాడు.

ముందుగా తలపెట్టి చేసింది కాదని, చట్టం ఆ నేరాన్ని హత్యకంటే ఒక మెట్టు కిందికి దించింది. ఉరి తప్పింది, జైలు తప్పలేదు. చిన్నతాత అక్కడే జ్వరమొచ్చి పోయాడు. నాయనమ్మ తాతయ్యకు అంబలి పోస్తూనే ఉండేది, మాట్లాడటం మాత్రం మానేసింది.

ఎలుగు ఆ తరవాతా పెరిగింది. ఇప్పుడు నా చేతుల్లో పడి డొంకరాయి డ్యాముకు అడ్డంగా పడుకుంటోంది.

మొన్నామధ్య సంతలో ఒకతను నన్ను ఆపాడు. ఆనాటి చంటిబిడ్డ.

"అన్నా, మా అయ్యని ఎన్ని దెబ్బలు కొట్టినారు?"

తగ్గించి ఓదార్చవచ్చు, పెంచి ఏడిపించవచ్చు. రెండూ నాకు వచ్చిన విద్యలే.

ఒక్కటే, అన్నాను.