కాలువలో ముంచిన మావు

నా సర్వీసులో చివరి పోస్టింగ్ రాజమండ్రి. కరోనా సద్దుమణిగాక హస్తకళల విభాగంలో అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేరాను. చేరీ చేరగానే ఒక పని నెత్తిన పడింది. ఢిల్లీలో ఒక ప్రైవేటు గ్యాలరీ నార, వెదురు, దారాలతో చేసిన శిల్పాల ప్రదర్శన పెడుతోంది. గోదావరి జిల్లాల నుంచి ఎంపికైన వాటిని భద్రంగా పంపే బాధ్యత మాది.

అందులో ఒకటి నరసాపురం దగ్గర కాలువగట్టున ఉండే మంగతాయారుది. జాలర్ల ఇంటి పిల్ల. వాళ్ల నాన్న పోలయ్య గారు చేపలు పట్టే వెదురు బుట్టలు అల్లుతారు. వాటిని మావులంటారు. ఆమె అదే అల్లికతో మనిషెత్తు మావు ఒకటి చేసింది. వెదురు బద్దల మధ్య తాటినార, చిరిగిన వల ముక్కలు కలిపి అల్లింది. చేప దూరేందుకు దారి ఉంది గానీ, దూరిన చేపను ఆపే ఏర్పాటేమీ లేదు. కావాలనే వదిలేశానంది. వాళ్ల నాన్న దాన్ని బొమ్మ మావని ఎగతాళి చేసేవారట.

మా శాఖ స్టాళ్లలో బుట్ట పక్కన ధర చీటీ ఉంటుంది, అల్లినవాళ్ల పేరుండదు. గ్యాలరీలో మాత్రం గోడమీద పేరు రాస్తారు. "నా పేరు తప్పుల్లేకుండా రాస్తారా అండీ?" అని ఫోన్ చేసినప్పుడల్లా అడిగేది. విసుక్కునేదాన్ని. అయినా ఆ పిల్ల అలా అడగడం నాకు ముచ్చటగానే ఉండేది.

ఇలాంటి వాటిని పంపడానికి ఒక పద్ధతి ఉంది. ప్యాక్ చేసేముందు కండిషన్ రిపోర్టు రాయాలి. అంటే ఎంపిక సమయంలో తీసిన ఫొటోతో పోల్చి, ఎక్కడ మరకుందో, ఎక్కడ పగులుందో నమోదు చేయడం. తేడా కనిపిస్తే గ్యాలరీ వద్దనవచ్చు. తడి ఏమాత్రం ఉన్నా పెట్టెలో పెట్టకూడదు, బూజు పడుతుంది.

ప్యాకింగ్ రోజు ఉదయం మనుషులను, లారీని వెంటబెట్టుకుని వెళ్లేసరికి మావు వాకిట్లో నీళ్లోడుతూ ఉంది. ఒళ్లంతా బురద. ఒక పక్క కుంగిపోయింది. నా పై ప్రాణాలు పైనే పోయాయి. మంగతాయారు అరుగు మీద కూర్చుని ఏడుస్తోంది.

"ఎవరు చేశారిది?" అని అరిచాను.

"నేనేనండి," అన్నారు పోలయ్య గారు, భుజాన తువ్వాలు సర్దుకుంటూ. ముందురోజు సాయంత్రం కొడుకును సాయం పట్టమని దాన్ని కాలువలో ముంచారట. కొత్త వెదురు వాసనకు చేప దగ్గరికి రాదని, తడపని మావును వాళ్లింట్లో ఎప్పుడూ బయటకు పంపరట. "తడపకుండా గడప దాటిస్తామేంటండి మేడమ్ గారూ? అందులోనూ అంత దూరం వెళ్లేది!"

"దాన్ని చూడ్డానికి తీసుకెళ్తున్నారు నాన్నా, చేపలు పట్టడానికి కాదు! నా పేరు పోయింది," అంది మంగతాయారు.

నాకు ఒళ్లు మండిపోయింది. కానీ ఆయన మొహం చూశాక ఆ కోపం నిలవలేదు. నెలల తరబడి దాన్ని బొమ్మ మావని ఎగతాళి చేసిన మనిషి, నిజం మావుకు చేసే మర్యాద ఇన్నాళ్లకు దానికీ చేశాడు.

మిగతావాళ్ల పెట్టెలతో లారీని పంపేసి, ప్రదర్శన బాధ్యతలు చూసే క్యూరేటర్‌కు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పాను. అది పాడైందో, మారిందో చేసిన మనిషే తేల్చాలని, ఆమె తనదని ఒప్పుకుంటేనే గోడకెక్కిస్తామని ఆవిడ అన్నారు.

ఆ మాట చెప్పగానే మంగతాయారు కళ్లు తుడుచుకుని మావు చుట్టూ చాలాసేపు తిరిగింది. "కుంగిన పక్క విప్పి మళ్లీ అల్లుతానండి. తాటినార తడిస్తే వదులవుద్దని నేనే చూసుకోలేదు. బురద మరక మాత్రం ఉండనివ్వండి," అంది. తర్వాత తండ్రి వైపు తిరిగి, "నువ్వు కూర్చుని బద్దలు చీరు. మళ్లీ ముంచావంటే మాత్రం ఊరుకోను," అంది.

"ఆయ్, మళ్లీ ఎందుకు ముంచుతానమ్మా? ఎవరైనా ఒకసారే ముంచేది," అన్నారాయన.

ఎండలో పెడితే బద్దలు పగులుతాయి కాబట్టి నీడన ఫ్యాన్లు పెట్టి ఆరబెట్టాం. రాలే మట్టిని బ్రష్షుతో దులిపాం. కొత్తగా ఫొటోలు తీసి, రిపోర్టు మళ్లీ రాసి, రైలు పార్శిల్లో పంపాం.

ప్రదర్శనకు మంగతాయారుతో పాటు నేనూ ఢిల్లీ వెళ్లాను. గోడమీద మంగతాయారు పేరు సరిగ్గానే ఉంది. దాని కింద, దేనితో చేశారో రాసేచోట వెదురు, తాటినార, పాత వల, కాలువ నీళ్లు అని ఉంది. ఆ పిల్ల వీడియో కాల్‌లో అదంతా తండ్రికి చదివి వినిపించింది. "ఏమన్నా పడ్డాయా మరి?" అన్నారాయన. జనం పడ్డారని చెప్పింది.

ఆ తర్వాత రిటైరయ్యేదాకా, ప్యాకింగ్ తేదీ వేసేముందు ప్రతి ఇంట్లోనూ ఒక ప్రశ్న అడిగాను. కొత్తగా చేసిన వస్తువు బయలుదేరే ముందు మీ ఇంట్లో ఏం చేస్తారు అని. వాళ్లు చెప్పినదానికి పట్టే వ్యవధి కూడా కలుపుకుని లారీ మాట్లాడేదాన్ని.